రిబ్బన్ కట్టిన ర్యాంపు

"రిబ్బన్ తాకొద్దమ్మా! హీరోగారు ఇంకా రాలేదు."

త్రినాథరావు కేకేసి మెట్లు దిగాడు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఎక్కి దిగాడో, మోకాళ్లు రెండూ మొండికేస్తున్నాయి.

ఫిల్మ్ నగర్‌లో పాత స్టూడియో ఫ్లోరొకటి సినిమా మ్యూజియం అయింది. ఇవాళే ప్రారంభోత్సవం. సినిమా హాళ్లలో మేనేజరుగా జీవితమంతా అరిగిపోయి, నీడపట్టున కూర్చోవచ్చని ఇక్కడ చేరాడాయన. నీడా లేదు, కూర్చోవడమూ లేదు.

మెట్ల పక్కనే వాలుగా కట్టిన ర్యాంపు దగ్గర చక్రాల కుర్చీలో ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. మడత నలగని కొత్త చీర కట్టుకుంది. వెనక కుర్చీ పట్టుకుని ఆటో డ్రైవరు నిలబడ్డాడు.

"తాకలే సారూ. జర పైకెత్తితే కిందికెళ్లి పోత."

"అయ్యో, అదెలాగమ్మా? ముహూర్తం పెట్టారు. హీరోగారు కత్తిరించాకే ఎవరైనా ఎక్కాలి. ముందే ఎక్కనిస్తే మా ఓనరుగారు నన్ను ఇంటికి పంపేస్తారు."

"నాసొంటోళ్ల కోసమే గదా కట్టింది?"

త్రినాథరావు రిబ్బన్ ముడి సరిచేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

అసలా ర్యాంపు లేచింది ఫైట్ మాస్టర్ జాకబ్ పోరు పడలేక. పాత కత్తులూ డాళ్లూ మ్యూజియానికి ఇస్తూ, "ర్యాంపు కడితేనే ఇస్తా" అని భీష్మించాడాయన. ముసలాయన తన కాళ్ల కోసం అడుగుతున్నాడని అందరూ నవ్వుకున్నారు. తీరా కట్టాక ఓనరుగారికే ముచ్చటేసింది. హీరోగారి చేత దాన్నే ఓపెన్ చేయిద్దాం, ఫోటోలు బాగా వస్తాయన్నాడు.

"లోపలేం చూడాలమ్మా?"

"రాణి కోటగోడ మీదికెళ్లి దూకుతది సూడుండ్రి, గా సీను. పెద్ద తెర మీద ఏసిన్రంట గదా."

"ఓ, అదా! మా హాల్లో ఆడిందమ్మా ఆ సినిమా. ఆ సీను రాగానే చూడాలి, తెర మీద చిల్లర వాన! ఆట అయ్యాక కుర్రాళ్లు చీపుళ్లతో ఊడ్చేవాళ్లు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నిజంగనా? ఈలలు గిట్ల ఏసిన్రా?"

"ఈలలా! చెవులు చిల్లులు పడేవి. మీరు హాల్లో చూళ్లేదా?"

"లే సారూ. గప్పుడు దవాఖాన్ల ఉంటి. ఫోన్ల సూసిన గని, అగ్గిపెట్టెంత గుంటది."

"హీరోయిన్ గారంటే అంత అభిమానమన్నమాట!"

ఆవిడ ఫక్కున నవ్వింది. "గట్లనే అనుకోండ్రి."

ఎండ నడినెత్తికొచ్చింది. హీరోగారు జూబ్లీ హిల్స్‌లో బయల్దేరారన్న కబురు వచ్చి చాలాసేపయింది. బయల్దేరడం వేరు, రావడం వేరు.

"పోనీ ఇద్దరు కుర్రాళ్లను పిలుస్తానమ్మా. కుర్చీతో సహా ఎత్తి మెట్ల మీంచి తీసుకెళ్తారు."

"వద్దు సారూ. మా గల్లీల ఎట్లాగూ మోస్తనే ఉన్నరు. గా సీను కాడికన్న నేను నా చక్రాల మీదనే పోవాలె."

"అయితే రేపు రండి. రిబ్బన్ ఉండదు, జనమూ ఉండరు."

"రేపు గాదు, మల్లెప్పుడొస్తనో. నలుగురు దొరికితేనే మెయిన్ రోడ్డు సూస్త."

ఆటో డ్రైవరు జంగయ్య వాచీ చూసుకున్నాడు. "అక్కా, బడి పిల్లల్ని తేవాలె. లేటైతే వాళ్ల అమ్మలు నన్ను బతకనియ్యరు."

ఆవిడ గుమ్మం మీది పోస్టరు కేసి తలెత్తి చూసింది. ఎర్రచీరలో రాణి, చేతులు చాచి, గాల్లో.

"లోపల కింద పడేది గూడ సూపిస్తరా?"

"రాణి ఎందుకు పడుతుందమ్మా? సరిగ్గా గుర్రం మీదే దిగుతుంది."

"అవ్, నిజమే," అంది. "పోదాం పా జంగయ్యా."

ఆటో వెళ్లిపోయింది. ఒక తలనొప్పి వదిలిందనుకున్నాడు త్రినాథరావు. అనుకున్నాక మనసు చివుక్కుమంది. అంత దూరం వచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదు.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, ఇటు హీరోగారి కారు వచ్చింది. డప్పులు మోగాయి. రిబ్బన్ తెగింది.

"సార్, వీల్‌చైర్‌లో కూర్చుని ఒక్కటి!" అరిచాడు ఫోటోగ్రాఫరు.

మ్యూజియం కోసం కొన్న కొత్త కుర్చీలో హీరోగారు కూర్చున్నాడు. ఓనరుగారు వెనక నుంచి తోశాడు. ర్యాంపు మీద మొదటి మనిషి జయప్రదంగా పైకి చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. త్రినాథరావూ కొట్టాడు, కొట్టక చస్తాడా!

జాకబ్ మాస్టర్ మాత్రం ర్యాంపు జోలికి పోలేదు. రెయిలింగ్ పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. లోపల తెర ముందు నిలబడి చుట్టూ చూశాడు.

"కొమురమ్మ ఏదయ్యా త్రినాథరావ్?"

"ఏ కొమురమ్మండీ?"

"రహమత్ నగర్ నుంచి, చక్రాల కుర్చీలో వస్తుంది. నేనే రమ్మన్నాను. ఆవిడ ఎక్కాలనే గదయ్యా ఆ ర్యాంపు కోసం అంత గొడవపడ్డాను!"

త్రినాథరావు గబుక్కున గుమ్మం కేసి తిరిగాడు.

"వచ్చారండీ... రిబ్బన్ ఉందని... వెళ్లిపోయారు. మీరు రమ్మన్నారని ఒక్క ముక్క చెప్పలేదు మాస్టారూ."

"చెప్పదు. తన సంగతి ఎక్కడా చెప్పుకోవద్దని అప్పట్లో మేమే ఒట్టేయించుకున్నాం. మాట మీద నిలబడే మనిషి."

"ఎవరండీ ఆవిడ?"

తెర మీద ఎర్రచీర రాణి మళ్లీ కోటగోడెక్కి గాల్లోకి లేచింది.

"అదిగో, ఆ దూకేది కొమురమ్మే," అన్నాడు జాకబ్ మాస్టర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఆ రోజు దూకిన మనిషి మళ్లీ లేచి నిలబడలేదు."