తవిటయ్య భుజం

"ఎత్తు బావా."

తవిటయ్య కుడి చెయ్యి ఎత్తాడు.

"అంతొద్దు. బుజం దాటనీకు. మొకం కొంచెం సిట్లించు... అలక్కాదు, పుల్ల మామిడికాయ కొరికినోడిలాగున్నావు."

గోపాలపట్నంలో తవిటయ్య ఇంటి వసారాలో నిన్నటి నుంచీ ఇదే తంతు. నేర్పేవాడు అతని బావమరిది సూరన్న. ఇందుకోసమే వన్ టౌన్ నుంచి వచ్చి కూర్చున్నాడు. నేర్చుకునేవాడికే చాతకావడం లేదు.

"నొప్పి ఎత్తినప్పుడు కాదు బావా, దించినప్పుడు. ఎత్తడం ఎలాగోలా ఎత్తేత్తాం. దించేటప్పుడు సగంలో పేనం పోద్ది. డాట్రు అదే సూత్తాడు."

"ఇయన్నీ నాకు ఒంటబడతాయేట్రా?"

"పట్టాల," అన్నాడు సూరన్న.

గోడ మీంచి పక్కింటి వరహాలమ్మ తొంగి చూసింది.

"ఏటి తవిటయ్యా, పొద్దున్న నూతికాడ నిండు బిందె బుజానికెత్తుకొచ్చినావు. ఇంతలోనే పడిపోనాదేటి బుజం?"

తవిటయ్య తల దించుకున్నాడు. లోపల గౌరీశ్వరి గిన్నె ధన్‌మని కింద పెట్టింది. ఈ కేసు మొదలైన దగ్గర్నుంచి ఆమె మొగుడితో సరిగ్గా మాట్లాడడం లేదు. అన్నాలవేళ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చిన్నప్పటిలాగే కలిపి ముద్దలు పెట్టింది. మొగుడి కంచం గుమ్మం దగ్గర పెట్టి లోపలికి పోయింది.

పోర్టులో ఓడలోంచి ఎరువు బస్తాలు లేపుతూంటే క్రేను వల తెగి, బస్తాలు తవిటయ్య భుజం మీద పడ్డాయని కేసు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది సంగతి అది. ఆ చేత్తో ఇక మూట ఎత్తలేడు కాబట్టి నష్టపరిహారం ఇవ్వాలని అర్జీ. కంపెనీ ఇవ్వనంది. ఇప్పటికి విచారణ ఆఖరికొచ్చింది. ఆ డబ్బు మీద రెండిళ్ళవాళ్ళు ఆశ పెట్టుకున్నారు. అబద్ధమని తేలితే మాత్రం తవిటయ్య పోర్టు బిళ్ళకే ఎసరు. ఆ ఇత్తడి బిళ్ళ లేనివాణ్ణి గేటు లోపలికే రానివ్వరు.

మధ్యాహ్నం లేబరు ఆఫీసులో ముందు మేస్త్రీ అర్జునరావుని పిలిచారు.

"ఆ రోజు ఇతను పనిలో ఉన్నాడా?" అడిగాడు ఆఫీసరు.

"తవిటయ్య బిళ్ళ పనిలోకొచ్చింది బాబూ," అన్నాడు మేస్త్రీ, నేల చూపులు చూస్తూ. "దెబ్బ తగలడం నానైతే సూడలేదు."

తరవాత కంపెనీ డాక్టరు లేచాడు. తవిటయ్య చొక్కా విప్పించాడు.

"చెయ్యెత్తు."

తవిటయ్య ఎత్తాడు. భుజం దాకా వచ్చేసరికి ఆపాడు. మొహం చిట్లించాడు. బాగానే కుదిరింది.

"దించు."

హమ్మయ్య అనుకుని తవిటయ్య చెయ్యి టక్కున దించేశాడు.

గుమ్మంలో నిలబడ్డ సూరన్న కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరు రెండు భుజాలూ వేళ్ళతో నొక్కి చూశాడు. "ఇన్నాళ్ళు మూలపడ్డ భుజమైతే కండ కరిగిపోయుండాలి. ఈ రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఎముక విరగడం మాట దేవుడెరుగు, ఈ భుజం ఎప్పుడూ బెణకను కూడా లేదు."

"మరి విరిగిన భుజానికి కట్టు కట్టినట్టు ఆసుపత్రి చీటీ ఉందే?" అన్నాడు ఆఫీసరు.

కంపెనీ వకీలు నవ్వాడు. "చెయ్యి తడిపితే చీటీలకేం కరువు సార్? ఇలాంటి దొంగనొప్పుల వాళ్ళ వల్లే నిజంగా దెబ్బ తిన్నవాళ్ళకి అన్యాయం జరుగుతోంది."

తవిటయ్యకి చెవులు వేడెక్కాయి. చొక్కా చేతిలో ముద్దయిపోయింది. ఇక ఆపుకోలేకపోయాడు.

"బాబూ, అసలావేళ..."

గుమ్మంలోంచి సూరన్న తల అడ్డంగా ఊపాడు. తవిటయ్య నోరు మూసుకున్నాడు.

కేసు కొట్టేశారు. మరోసారి ఇలాంటి వేషాలు వేస్తే బిళ్ళ లాగేసుకుంటామని ఆఫీసరు చీవాట్లు పెట్టి పంపించాడు.

రోడ్డు మీదికొచ్చాక తవిటయ్య అన్నాడు, "నిజం సెప్పేద్దునురా."

"సెప్తే ఏటొచ్చేది? నీ బిళ్ళా పోను. అప్పుడు నీ పిల్లలూ నా పిల్లలూ కలిసి ముష్టికెల్లాల."

"అంతమందిలో నన్ను దొంగోడన్నారు."

"అననీ. దించడం మర్సిపోనావు బావా, అదీ నా బాద. సిలక్కి సెప్పినట్టు సెప్పినాను."

తవిటయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ బస్టాపు వైపు నడిచాడు.

గోపాలపట్నం బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరూ నిలబడాల్సి వచ్చింది. తవిటయ్య అలవాటుగా కుడి చెయ్యెత్తి పై కమ్మీ పట్టుకున్నాడు. సూరన్న ఎడమ చేతిలో అక్క తెమ్మన్న సరుకుల సంచీ ఉంది. మలుపులో డ్రైవరు బ్రేకు వేసేసరికి అతను తూలి ఒక ముసలమ్మ మీద పడ్డాడు.

"నీ కళ్ళు పేలిపోనూ," అంది ముసలమ్మ.

కండక్టరు వెనక నుంచి అరిచాడు. "ఏటయ్యా, రెండో సెయ్యి ఇంటికాడ మర్సిపోనావేటి? కమ్మీ పట్టుకో!"

బస్సులో అందరూ నవ్వారు.

గైరమ్మ జాతర సంబరానికి ఊరెళ్ళిపోయిన బావకి ఎక్కడ పని పోతుందోనని, ఆవేళ అతని బిళ్ళ తగిలించుకుని ఓడలోకి దిగి ఆ బస్తాల కింద పడ్డ సూరన్న కుడి చెయ్యి, కమ్మీదాకా లేవదు.