డ్రిల్లు మాస్టారి కాపలా

"ఏమిటే ఇది?"

వాషింగ్ మెషీన్ వెనకనుంచి లాగిన చాక్లెట్ రేపర్లను డ్రిల్లు మాస్టారు భోజనాల బల్ల మీద కుప్పపోశారు. వాటి మధ్య నలిగిన కేకు డబ్బా ఒకటి. అడుగున క్రీము ఇంకా ఎండలేదు.

కూతురు అప్పుడే కళ్ళజోళ్ళ షాపులో డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. బల్ల వైపు చూసింది. తండ్రి వైపు చూసింది.

"నేనే తిన్నాను నాన్నా," అంది.

"తింటావు! ఎందుకు తినవు? కడుపు కోసి కుట్టినా ఈ కొంపకి బుద్ధి రాలేదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు డాక్టరు, తీపి అనేది గడప దాటి లోపలికి రాకూడదని. ఎవరికి చెప్పినట్టు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!"

మాస్టారు రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. ఆయన ఇంట్లో నోరు విప్పితే వీధి మలుపులో మందుల షాపువాడికి సంగతులన్నీ తెలిసిపోతాయి.

ఆపరేషన్ అయిన కొత్తల్లో ఆ ఇంట్లో అంతా సవ్యంగానే నడిచింది. పొట్టను అరటికాయంత చేసి కుట్టారు. నాలుగు చెంచాల సూపు, గుప్పెడు ఉడికించిన కూరముక్కలు, అంతే. షుగరు దిగింది. బట్టలు దర్జీ దగ్గరికి వెళ్ళి సన్నబడి వచ్చాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

తర్వాత మెల్లగా కుట్లు విప్పించాల్సి వచ్చింది. బట్టల కుట్లే.

అప్పుడు మొదలుపెట్టారు మాస్టారు వంటింటి కాపలా. ఫ్రిజ్‌కి గొలుసు, అలమరకి తాళం. తాళంచెవులు ఆయన మెడలో, పాత ఈల పక్కనే. సాయంత్రం కూతురు రాగానే హ్యాండ్‌బ్యాగు బల్ల మీద బోర్లించేవారు. దువ్వెన, అద్దాలు తుడిచే గుడ్డలు, బస్సు పాసు రాలిపడేవి. ఏమీ దొరక్కపోతే మరింత మండిపడేవారు.

"దారిలోనే లాగించేసి మూతి తుడుచుకుని వచ్చుంటావు. నాకు తెలీదనుకోకు!"

ఒక ఆదివారం మధ్యాహ్నం స్నానాలగదిలోంచి వాంతుల చప్పుడు కింది వాటాదాకా వినిపించింది. కింది వాటా పిన్నిగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి కూతురు మోకాళ్ళ మీద కూచుని నేల కడుగుతోంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. మాస్టారు తలుపుకి చేరబడి తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నారు.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏమవుతుంది పిన్నిగారూ! తినకూడని గడ్డి తింటే ఇంతే. కుక్కతోక వంకర. ఎన్ని కుట్లు వేస్తే మాత్రం చక్కనవుతుంది?"

పిన్నిగారు కూతురి భుజం నిమిరి వెళ్ళిపోయింది.

షాపులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. మాస్టారు ఫోనులో అరిచిన అరుపులు ఆమె కూడా విన్నది మరి.

"అన్నేసి మాటలు ఎలా పడతావక్కా? ఒక్కటైనా తిరిగి అంటించలేవూ?"

"అమ్మ పోయాక మొదలైందమ్మా మా ఇంట్లో ఈ తిండి గోల. ఆకలి కడుపులోనే ఉంటే కోసినప్పుడే పోయేది. అది ఇంకెక్కడో ఉంది."

"ఆ మాట మీ నాన్నతో చెప్పరాదూ?"

కూతురు చేతిలోని కళ్ళజోడు ఫ్రేముకి మర బిగించింది.

"ఆయన అరుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంటుంది. అరవడం మానేసి మూల కూచుంటాడేమోననే నా భయం."

కొత్తమ్మాయికి ఆ జవాబు తలా తోకా లేనిదిగా తోచింది. ఇంత ఒళ్ళుంది, ఇసుమంత పౌరుషం లేదు అనుకుంది మనసులో.

ఆస్పత్రిలో పరీక్షల రోజు వచ్చింది. మాస్టారే ముందు తయారై వీధి గుమ్మంలో నిలబడ్డారు.

"పద, పద. నీ బండారం ఇవాళ ఆ మేడమ్ ముందే బయటపెడతాను."

వరండాలో బెంచీల మీద పదిమంది దాకా ఉన్నారు. మాస్టారికి ఇంకేం కావాలి? బడిపిల్లలు వరసలో దొరికినట్టే అయింది.

"మనిషికి కావలసింది ఆపరేషన్ కాదండీ, క్రమశిక్షణ! ఇదిగో, ఈ పిల్లనే చూడండి. మా ఇంట్లోకి బిస్కెట్ ప్యాకెట్ వచ్చిందంటే బతికి బట్టకట్టదు. ఏనుగు నోట్లో వెలక్కాయే!"

అందరూ కూతురి వైపు చూశారు. ఒకావిడ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురు తల వంచుకుని మంచినీళ్ళ సీసా మూత తీసి తండ్రికి అందించింది.

"కాస్త తాగండి నాన్నా. గొంతు ఎండిపోతుంది."

ఇంతలో లోపలికి పిలిచారు. ఆపరేషన్ అయినవాళ్ళ తిండీ తిప్పలూ చూసే మేడమ్ ఎదురుగా కూచుని మాస్టారు రేపర్ల దగ్గరనుంచి వాంతులదాకా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చారు. ఆవిడ మధ్యలో అడ్డు తగల్లేదు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కూతురి వైపు తిరిగింది.

"నిజమేనామ్మా? అవన్నీ నువ్వే తిన్నావా?"

"నేనే మేడమ్."

"విన్నారుగా?" అన్నారు మాస్టారు. ఎందుకో ఈసారి ఆయన గొంతు వరండాదాకా వెళ్ళలేదు.

మేడమ్ బరువు చూసే మిషన్‌ని ఆయన కాళ్ళ ముందుకి జరిపి, "ఇక ఎక్కండి మాస్టారూ, ఆపరేషన్ అయిందీ మీకే, మళ్ళీ బరువు పెరుగుతున్నదీ మీరే కదా," అంది.