విలన్ కన్ను

“ఆ కన్ను బాగు చేయించుకుంటే నా నాటకం గతేం కావాలయ్యా?” నాటక సమాజం యజమాని మేకప్ గదిలో తల పట్టుకుని కూలబడ్డాడు.

విలన్ వేషాలేసే ఆయన అద్దం ముందు రంగు తుడుచుకుంటూ, “నా మనవరాలి కన్నా మీ నాటకం ఎక్కువా గురువుగారూ?” అన్నాడు.

ఆ మధ్య కత్తియుద్ధం సీనులో అట్టకత్తి మొన ఆయన ఎడమ కంటి నల్లగుడ్డుకు తగిలింది. గాయం మానింది గానీ, మచ్చ ఊరుకోలేదు. తెల్లగా, బొడిపెలా పెరుగుతూ పెరుగుతూ నల్లగుడ్డును మొత్తం కప్పేసింది. అందరూ కంట్లో పువ్వు అన్నారు. “పువ్వు కాదండీ, మచ్చే. ఎక్కడ ఆగాలో దానికి తెలీలేదు,” అంది కంటి డాక్టరమ్మ. స్టేజీ మీద ఆ కన్నుతో ఉరిమి చూశాడంటే ముందు వరుసలో పెద్దవాళ్లే కుర్చీలు వెనక్కి జరుపుకునేవారు. ఆపైన ఒకటే చప్పట్లు.

కూతురింట్లోనే చిక్కొచ్చి పడింది. నాలుగేళ్ల మనవరాలు ఆయన గుమ్మం తొక్కితే చాలు, తుర్రుమని మంచం కిందికి దూరేది.

“ఆ కన్నే లేకపోతే నిన్నెవరు చూస్తారయ్యా?” అన్నాడు యజమాని.

“మా పాప చూస్తుంది. చాలు.”

ఆపరేషన్ జరిగింది. బొడిపె తీసేసి, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిపోయిన కంటిపొర వేసి కుట్టారు. ఎరుపు తగ్గి, చూపు కుదురుకునేసరికి నెలలు పట్టింది. పలకరించడానికి వచ్చిన యజమాని ఆయన ముఖం ఎగాదిగా చూసి, “అయిపోయింది! అచ్చం పోస్టుమాస్టరులా తయారయ్యావు. ఇక హీరోయిన్ తండ్రి వేషమే నీకు గతి,” అని నిట్టూర్చాడు.

ఆయన నవ్వేశాడు. తిన్నగా వెళ్లి కూతురి ఊరికి బస్సెక్కాడు.

గుమ్మంలోనే గొంతుక్కూర్చుని చేతులు చాపాడు. “బంగారుతల్లీ, చూడు! తాత కళ్లు రెండూ ఎంత బాగున్నాయో! రా మరి!”

పాప ఆ కళ్లలోకి తేరిపార చూసింది. మరుక్షణం మంచం కింద ఉంది.

ఆయన ప్రాణం ఉసూరుమంది. చాపిన చేతులు వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయాడు. కూతురికి ఒళ్లు మండిపోయింది. వంగి మంచం కిందికి చూస్తూ, “ఇంకా దేనికే భయం? కన్ను బాగైపోయిందిగా!” అని కసిరింది.

“కన్నుకేం, ఎప్పుడూ బాగానే ఉంది!” లోపల్నుంచి చిన్న గొంతు అంతకంటే విసుక్కుంది. “ముద్దు పెడతాడు. మీసం గుచ్చుకుంటుంది!”