వల ఎండగట్టిన రోజులు

పోలమ్మ సంచిలో పంచె, తువ్వాలు, మొగుడి చుట్టల కట్ట సర్దింది. చుట్టలు మళ్ళీ తీసేసింది. ఆసుపత్రి బండి వాకిట్లో ఆగి ఉంది. దానికి నడిపే మనిషి లేడు, గొంతు మాత్రం ఉంది.

"గుండెనొప్పి ఎప్పుడు మొదలైంది, తాతా?" అని అడిగింది బండి.

"నిన్ననే," అన్నాడు పోలమ్మ మొగుడు సింహాద్రి.

"ఎందుకయ్యా అబద్దం? ఈ యేడు చేపల వేట ఆపేయకముందు, వల ఎండగట్టిన కాడే గుండె పట్టుకుని కూకున్నావు!" అంది పోలమ్మ.

"అది ఎండదెబ్బే!"

వెనకటి యంత్రాలు తారీఖు చెబితేగాని ఊరుకునేవి కావు. జనం నోటికొచ్చిన తారీఖు చెప్పేవారు. ఈ బండి అలా కాదు.

"నిన్నటికీ, వల ఎండగట్టిన రోజులకీ మధ్య ఎప్పుడో అని రాసుకున్నాను," అంది మెత్తగా. "అమ్మమ్మ మాటే నిజమైతే ఆలస్యం చేయకూడదు. ఇప్పుడే బయలుదేరదాం."

సింహాద్రి పెళ్ళాన్ని ఉరిమి చూడబోయి నవ్వేశాడు. "ఇంట్లోంచి తోలేసినావే! వేట మొదలయ్యేలోగా వచ్చేత్తాను."

"అదీ రాసుకో," అంది పోలమ్మ బండితో.

"రాసుకున్నాను, అమ్మమ్మా."

సింహాద్రి తిరిగి రాలేదు. వేట మళ్ళీ మొదలవడానికి కాస్త ముందు, ఒక తెల్లవారుజామున పోయాడు.