ఐసు బరువు

ఆ ఉదయం చేపల వ్యాపారి చేతిలో ఉన్నవి అరవై పెట్టెలు, రెండు టికెట్లు, పది గంటల గడువు. పది గంటలు దాటితే అది చేప కాదు, కంపు.

టికెట్లు తనకూ భార్యకూ. పెట్టెలు సరుకు విమానానికి.

విమానాశ్రయం గోదాములో కాటా దగ్గరున్న నెరిసిన తలాయన మొదటి పెట్టె తూచి ఆగిపోయాడు.

“కాగితంలో పెట్టెకు ఇరవై కిలోలని రాశారు. ఇది ఇరవై అయిదు తూగుతోంది బాబూ.”

“చేప ఇరవయ్యే పెద్దాయనా. మిగతాది ఐసు.”

“ఐసుకు బరువుండదా?”

“దిగేసరికి కరిగిపోతుందిగా! లేనిదానికి లెక్కెందుకు?”

“కరిగితే నీళ్లవుతుంది గానీ గాలైపోదు కదా. ఆ పెట్టెలోనే ఉంటుంది.”

వ్యాపారికి ఒళ్లు మండింది. ఐసును లెక్కలో చూపకపోవడం ఆ వ్యాపారంలో అందరూ చేసేదే.

“పదేళ్లుగా ఇలాగే పంపుతున్నాను. ఏ విమానమైనా కూలిందా?”

“అవి నాలుగింజన్ల పాతవి బాబూ. మొండెద్దుల్లా ఉన్న బలమంతా పెట్టి లేచేవి, ఇంధనం పీపాలకు పీపాలు తాగేవి. ఇప్పుడొచ్చేవి రెండింజన్లవి. అయిదో వంతు తక్కువ తాగుతాయి, ఒళ్లూ అరగదీసుకోవు. కాగితం మీద ఎంత బరువుంటే అంతకు సరిపడానే తోస్తాయి. మనం అబద్ధం రాస్తే నిజమేననుకుంటాయి.”

“పాఠం చెప్పించుకోడానికి రాలేదు నేను” అని వ్యాపారి గోదాము ఇన్‌చార్జికి ఫోన్ చేశాడు.

ఇన్‌చార్జి గదిలోంచి తల బయటపెట్టి అరిచాడు. “కాగితంలో ఉన్నదే వేసి పంపెయ్యవయ్యా! ఎందుకు నీకీ చాదస్తం?”

వ్యాపారి కాలరు సర్దుకుని బయటికి నడిచాడు.

ఎండ ముదిరాక భార్యాభర్తలిద్దరూ విమానం ఎక్కి కూర్చున్నారు.

కిటికీ పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది. “ఏమండీ, అవి మన పెట్టెలే కదూ!”

తొంగి చూశాడు. తెల్లటి పెట్టెలు కదిలే పట్టీ మీద ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతూ, సరిగ్గా తన కాళ్ల కిందికి వచ్చి చేరుతున్నాయి.

అటుగా వచ్చిన ఎయిర్‌హోస్టెస్‌ను ఆపాడు. “అమ్మాయ్, ఆ సరుకు... సరుకు విమానంలో కదా వెళ్లాల్సింది?”

“అది ఈరోజు రాలేదు సార్. ఇదీ ఆ కుటుంబంలోదే. అన్న సరుకు మోస్తాడు, తమ్ముడు మనుషుల్ని మోస్తాడు. అన్న రాకపోతే రెండూ తమ్ముడి నెత్తినే” అని నవ్విందామె.

వ్యాపారికి నవ్వు రాలేదు. అరవై అయిదులు మూడు వందలు. మూడు వందల కిలోలు ఏ కాగితం మీదా లేవు.

“మంచిదేగా, సరుకు మన కిందే ఉంది. కాపలా అక్కర్లేదు” అంది భార్య.

“నువ్వు కాసేపు ఊరుకో.”

“ఇంత చల్లటి ఏసీలో ఆ చెమటలేంటండీ?”

తలుపు మూశారు.

చెబితే పెట్టెలు దించేస్తారు. సాయంత్రానికి కంపు కొడతాయి, కొనేవాడు ఇంకొకణ్ణి చూసుకుంటాడు. చెప్పకపోతే...

వరసగా నూట ఎనభై తలలు కనిపించాయి. ముందు సీటు మీదుగా ఓ పసిపిల్ల అతన్ని చూసి బోసినవ్వు నవ్వింది. కళ్లు తిప్పుకున్నాడు.

చివరికి చెయ్యెత్తాడు. “అమ్మాయ్...”

“బెల్టు పెట్టుకోండి సార్” అని ఆమె తన సీట్లోకి వెళ్లిపోయింది.

ఎత్తిన చెయ్యి దించేశాడు. చెప్పాలన్నా వినేవాళ్లు లేరని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

విమానం పరుగందుకుంది. సీట్లు గడగడలాడాయి. కిటికీలో గడ్డి, దీపాల స్తంభాలు, మళ్లీ గడ్డి. ఇంకా లేవడం లేదు. ఇంజిన్లు గట్టిగా అరవడం లేదేమిటి? అబద్ధాన్ని నమ్మాయి. తాను రాసిన ఇరవైకి సరిపడానే తోస్తున్నాయి.

భార్య చెయ్యి పట్టుకున్నాడు.

“అబ్బా, నొప్పండీ!”

కిటికీలో రన్‌వే చివరి కంచె దగ్గరికొచ్చేస్తోంది. కళ్లు మూసుకున్నాడు.

గడగడ ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి కింద ఇళ్లు అగ్గిపెట్టెలంత ఉన్నాయి.

భార్య చెయ్యి వదిలేసి ‘ఐసుకు బరువట, బరువు!’ అనుకున్నాడు.

ఈలోగా భార్య పక్క వరస చూపించి ఎయిర్‌హోస్టెస్‌ను అడుగుతోంది. “టికెట్లు దొరక్క బయట జనం మొత్తుకుంటుంటే ఆ మూడూ ఖాళీగా పెట్టారేం?”

“పెట్టలేదమ్మా, ఎక్కాల్సినవాళ్లు ఆగిపోయారు. గోదాములో కాటా పెద్దాయన, ఇన్‌చార్జి వద్దన్నా వినకుండా చేపల పెట్టెలన్నీ తూచి మా కెప్టెన్‌కు కబురు పెట్టాడు. మూడొందల కిలోలు ఎక్కువట! ఈ ఎండకు ఆ రన్‌వే మీద అంత బరువు కుదరదు. పెట్టెలైనా దించాలి, ముగ్గురు మనుషులైనా ఆగాలి. సామానుతో కలిపి మనిషికి వంద కిలోల లెక్క మాది.”

“ఎవరాగారు?”

“ఆ పెద్దాయనే. ఇంటిల్లిపాదీ ఇందులోనే రావాల్సింది. మెట్ల దాకా వచ్చిన భార్యనీ కూతుర్నీ వెనక్కి తీసుకెళ్లాడు. చేప ఎండకు ఆగదు, మేం ఆగుతాంలే అన్నాడు.”

వ్యాపారి బెల్టు విప్పుకున్నాడు. “పోనీలే. రేపెక్కుతారు.”

“రేపెక్కడ సార్? అవి ఉద్యోగులకు ఉచితంగా ఇచ్చే సీట్లు. ఆయన ఈ పూటతో రిటైరైపోతున్నాడు.”

దిగాక వ్యాపారి లెక్క చూసుకున్నాడు: అరవైకి అరవై పెట్టెలూ చేరాయి, ఒక్క చేపా చెడలేదు, ముప్పై ఏళ్లు విమానాలకు బరువు తూచిన మనిషి ఒక్కసారైనా విమానం ఎక్కకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.