చివరి గొయ్యి

"తాతా, ఆ కర్ర నాకు రావాల్సింది కదా!"

దిబాది అడ్డుపడ్డాడు. ఇబోగా చెట్టు వేళ్ళు తవ్వే కర్రను గుడి పెద్ద మబికా తాత ఎవరో పరాయి ముసలాయన చేతిలో పెట్టాడు.

"తొందరేమిట్రా? నేనింకా బతికే ఉన్నానుగా," అని నవ్వాడు తాత.

ఆ నవ్వుకు దిబాది ఒళ్ళు మండింది. కర్ర చేతికొస్తే తాత తర్వాత పెద్దరికం తనదేనని అతని ఆశ.

గుడి వెనక మిగిలింది ఒకే ఒక్క ఇబోగా చెట్టు. దాని వేరు బెరడు నమిలితే పోయిన పెద్దలు ఎదురొచ్చి మాట్లాడతారు. అందుకే పట్నంలో దానికంత గిరాకీ. వాగు అవతలి ఇబోగా వనాన్ని ఎవరో వేళ్ళతో సహా పెకలించుకుపోయారు. అప్పటినుంచి అటు ఎవరూ పోరు. మిగిలిన చెట్టుకు కాపలా దిబాదే.

పూజకు వేరు తీస్తే గొయ్యి కూడా తనే పూడ్చేవాడు. ఓసారి అతని భార్య మబుండా గుప్పెడు మట్టి వెయ్యబోతే తాత కసిరాడు.

"తీసిన చెయ్యే పూడ్చాలమ్మా. ఇంకొకరు పూడిస్తే అక్కడ మొక్క బతకదు."

కొత్తాయన పేరు కొంబిలా. వానలతో పాటే వచ్చాడు. ఏనుగులు ఇబోగా పండ్లు తింటాయి. ఆ పేడలో గింజల కోసం అడవంతా తిరిగి, గోనెకెత్తుకుని వచ్చేవాడు.

"కంపు కొడుతున్నావు పెద్దాయనా, అటు పోయి తిను," అనేవాడు దిబాది.

అతను అటే పోయేవాడు. తాత లేచి వెళ్ళి అతని పక్కన కూర్చుని, తన ఆకులోని కర్రపెండలం తుంచి పెట్టేవాడు. అది చూసి దిబాదికి ముద్ద దిగేది కాదు.

"ఎందుకయ్యా అంత కుళ్ళు?" అంది మబుండా.

"కుళ్ళే! చాకిరీ నాదీ, కర్ర వాడిదీనా?"

తాత పొరుగూరు వెళ్ళిన రోజున దిబాది వాగు ఒడ్డున కాపు కాశాడు. కొంబిలా అవతలి నుంచి వచ్చాడు. మోచేతుల దాకా మట్టి.

"మిగిలిన వేళ్ళు తవ్వి అమ్ముకుంటున్నాడు! దొంగ!" అని అరిచాడు దిబాది.

ఊరు పోగైంది. గోనె దులిపారు. పేడ తప్ప ఏమీ రాలలేదు.

"అమ్మేసి ఉంటాడు," అని దిబాది అతనికేసి తిరిగాడు. "దొంగవి కాకపోతే కాదని చెప్పవయ్యా!"

కొంబిలా చేతులు జోడించాడు.

"ఇంకొక్క రోజు ఉండనివ్వు నాయనా."

"ఒక్క పూట కూడా కుదరదు."

కొంబిలా కర్రను దిబాది కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. దిబాది దాన్ని అందుకుని భుజాన వేసుకున్నాడు. ప్రాణం హాయిగా ఉంది.

తాత తిరిగొచ్చాడు. జరిగింది విన్నాడు. దిబాదిని వాగు దాటించి వనంలోకి తీసుకెళ్ళాడు.

పాత గోతులన్నీ పూడి ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక్కో ఇబోగా మొలక. చిట్టచివర ఒక్క గొయ్యి మాత్రం నోరు తెరుచుకుని ఉంది.

దిబాదికి తల కొట్టేసినట్టయింది.

"పొరపాటైంది తాతా. ఈ ఒక్కటీ నేను పూడ్చేస్తాను."

తాత అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఈ గొయ్యి నువ్వు తీశావా?"

"నేనెందుకు తీస్తాను? ఆ దొంగ వెధవలు..."

"ఒక్కడేరా. బెరడు నమిలిన రోజున వాడికి పెద్దలెవరూ కనబడలేదట. ఈ గోతులే కనబడ్డాయట."

దిబాది చేతిలో కర్ర బరువెక్కింది.

"నేను కొంబిలాకు ఇచ్చింది పెద్దరికం అనుకుని కుళ్ళుకున్నావు," అన్నాడు తాత. "తను తీసిన గోతులు తనే పూడ్చుకోమని వేసిన శిక్షరా అది."