ఆ పడవాయన

మొదట ఒక గుటక వినిపించింది. ఆ వెనుక ఒక నిట్టూర్పు. ఆ తరువాతే గొంతు: "ఆ పడవాయన తెడ్డు అందుకున్నాడు."

పుణ్యవతి ఉలిక్కిపడింది. ఫోనులోంచి వస్తున్న ఆ గొంతు తనదే.

"వింటిరా ఆంటీ?" అంది అశ్విని. గచ్చిబౌలి ఆఫీసులో టీ విరామం దొరకబుచ్చుకుని మాట్లాడుతోంది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి కంప్యూటరులో రికార్డు చేయడం, తప్పులు కత్తిరించి దిద్దడం నేర్పేది ఆ అమ్మాయే. "పుస్తకంలో 'భాస్కర్' అని ఉంటే, తొమ్మిది చోట్లా 'ఆ పడవాయన' అన్నారు. ఏమాంటీ ఇట్లా చేస్తిరి?"

"అర్థమవుతుంది కదమ్మా..."

"రేపు పరీక్షలో 'భాస్కర్ ఎవరు?' అని అడుగుతారు. మీ పాఠం విన్న పిల్లోళ్లు ఏం రాయాల?"

పుణ్యవతి హాలు వైపు చూసి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో ఆయన పేరమ్మా అది. ముప్పై నాలుగేళ్లుగా నోట పలికింది లేదు. ఇప్పుడు రమ్మంటే గొంతులోనే కూర్చుంటోంది."

అశ్విని నవ్వు ఆపుకున్నట్టు తెలిసింది. "సరే, ఆ ఒక్క మాట ఇంకొకరితో చెప్పించి అతికించండి. నాటకం మాదిరి ఉంటుంది, ఏం కాదు. ఇంకోటి, చివర్లో చదివినవాళ్ల పేరు చెప్పాల. అదీ చెప్పలేదు మీరు."

"నా పేరెందుకమ్మా అందులో?" హాలులో పేపరు చప్పుడు ఆగింది.

"పిల్లోళ్లు అడుగుతారాంటీ, ఎవరు చదివినారని. ఐదింటికల్లా పంపండి. లేదంటే జయంతిగారితో చదివించేస్తా, ఏమనుకోవద్దు. కత్తిరించేటప్పుడు మాత్రం గుర్తుంది కదా? విననిదే ఏ ముక్కా తీసేయొద్దు."

ఫోను పెట్టేసింది. గోడ గడియారంలో మూడున్నర. మౌసు పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టి మూడు వారాలు నేర్చుకున్న చదువు. తన గొంతు తొలిసారి గడప దాటబోతుంటే, గడపకు అడ్డంగా ఒక పేరు.

"ఏమండీ! ఒకసారి ఇటు రండి."

ఉదయ్ భాస్కర్ పేపరుతో సహా వచ్చాడు. పక్కన లేస్తున్న అపార్టుమెంటు చప్పుడు వినపడకుండా కిటికీకి బొంత కట్టిన గది. ఫ్యాను కూడా ఆపి ఉంది.

"ఏమిటిది? గదిలో ఇడ్లీలు ఉడకబెడుతున్నావా?"

ఆమె పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టింది. "ఈ మాట చదవండి."

కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఇది నా పేరు కదే!"

"మీది కాదండీ, పడవ నడిపే ఆయనది. ఒక్కసారి అనండి చాలు. తొమ్మిది చోట్ల అతికించుకుంటాను."

"అతికించడానికి మనిషి పేరా, టూలెట్ బోర్డా? నా పేరు నేనే పిలుచుకుంటే పిచ్చాడనుకుంటారు. ఇదిగో, అసలు ఈ వయసులో నీకెందుకే ఈ గొడవ?"

ఆ ఇంట్లో ఆయన పేరు 'ఏమండీ'. ఆమె పేరు 'ఇదిగో'.

పుణ్యవతి రికార్డు మొదలుపెట్టే ఎర్ర గుండీ నొక్కి, మైకు ఆయన వైపు జరిపి, కళ్లతోనే బతిమాలింది.

"భాస్కర్!" అన్నాడు, హాజరుపట్టీ చూసి పిలిచినట్టు.

"అలా కాదండీ. మెల్లగా, నీళ్లు కదిలినట్టు."

గొణుక్కున్నాడు. పేపరుతో విసురుకున్నాడు. చివరికి, "భాస్కర్," అన్నాడు. నీళ్లు కదిలినట్టే ఉంది.

అంతలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. సాయంత్రానికి పెట్టిన శనగలు! ఇప్పటికి ఎన్ని కూతలయ్యాయో. పుణ్యవతి పరుగెత్తింది.

పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆయన హాలులో పేపరు చాటున ఉన్నాడు.

"అయిందా నీ అతుకుల పని?" తల ఎత్తకుండానే అడిగాడు.

"అవుతుంది లెండి," అంది. గదిలోకి వెళ్లి చూస్తే తెర మీద రికార్డు గీత ఇంకా పాకుతూనే ఉంది. నాలిక కరుచుకుని ఆపేసింది.

పని మొదలుపెట్టింది. 'ఆ పడవాయన' అన్నచోటల్లా కత్తిరించింది, ఆయన గొంతు తెచ్చి పెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరో అతుకు వంకర పోతే ఊడదీసి మళ్లీ పెట్టింది. తొమ్మిదోది కుదిరేసరికి నాలుగూ నలభై ఐదు. వెన్ను నొప్పి పుట్టింది గానీ, వింటూ ఉంటే తనకే ముచ్చటేసింది. పాఠమంతా తను చెబుతోంది, పేరు వచ్చినప్పుడల్లా ఆయన పలుకుతున్నాడు.

ఇక మిగిలింది చివర తన పేరు. మైకు ముందు నోరు తెరిచి, మూసేసింది. ఇంట్లోనే ఎవరూ పిలవని పేరు, పాఠం చివర లేకపోతే మాత్రం ఏం లోటు? జయంతిగారికి ఇవ్వకముందే పంపేయడం మంచిది.

ఆయన గొంతు రికార్డు చేసిన ముక్కకు చివర పొడుగ్గా ఒక తోక మిగిలింది. తను వంటింట్లో ఉన్నంతసేపూ సాగిన తోక. సన్నగా, అక్కడక్కడ చీమల బారులా అలలు. పేపరు చప్పుడో, ఆయన విసుగో. మౌసుతో ఆ తోకనంతా పట్టి, తీసేసే మీట మీద వేలు పెట్టింది.

విననిదే ఏ ముక్కా తీసేయొద్దు.

వేలు వెనక్కి తీసి, హెడ్‌ఫోన్లు సరిచేసుకుని వినిపించే మీట నొక్కింది.

పేపరు మడిచిన చప్పుడు. కుర్చీ మైకు దగ్గరకు జరిగిన చప్పుడు. గొంతు సవరించుకోవడం. దొంగతనంగా, మెల్లగా ఆయన మాట: "ఈ పాఠం చదివి వినిపించినవారు..."

ఒక గుటక వినిపించింది. ఆ వెనుక ఒక నిట్టూర్పు. ఆ తరువాతే గొంతు:

"పుణ్యవతి."